దగ్గులో దాగిన జీహెచ్

చెన్నైలో జీహెచ్ అంటే సెంట్రల్ స్టేషనుకు ఎదురుగా ఉన్న సర్కారు పెద్దాసుపత్రి. నెల్లూరు, గూడూరు, సూళ్ళూరుపేటల నుంచి రైలెక్కి వైద్యానికి వచ్చేవారికీ, నగరంలోనే తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఆ రెండక్షరాల పేరు బాగా తెలిసినదే. దగ్గుతో వచ్చిన రోగి చీటీలో డాక్టరు రాసే ‘కాఫ్’ అనే మాట చివర కూడా అవే రెండక్షరాలు ఉంటాయి. అక్కడ మాత్రం వాటిని జీ అనీ పలకరు, హెచ్ అనీ పలకరు. రెండూ కలిసి ఫకారమవుతాయి. నవ్వుకు పేరైన ‘లాఫ్’లోనూ అంతే. నిట్టూర్పుకు పేరైన ‘సై’లో అవే అక్షరాలు ఉండి కూడా నోరు మెదపవు, గుర్రపు సకిలింపుకు పేరైన ‘నే’లోనూ మౌనమే. వెక్కిళ్ళ పేరును పాత పద్ధతిలో రాస్తే చివరి అయిదక్షరాలు అచ్చంగా దగ్గులోవే, పలికేది మాత్రం ‘హిక్కప్’ అని పకారాంతంగా.

ఇంగ్లీషు స్పెల్లింగుల మీద విసుక్కునేవారు వీటన్నిటినీ ‘సైలెంట్ లెటర్లు’ అని ఒకే గాటన కట్టేస్తారు. బడిపిల్లలకు బట్టీ పట్టించడానికి ఆ మాట చాలు. అయితే గొంతు, ముక్కు, పెదవులు చేసే చప్పుళ్ళకు ఆ భాష పెట్టుకున్న పేర్లను ఒకచోట చేర్చి చూస్తే, ఆ మౌనం వెనుక ఒకప్పుడు నిజమైన చప్పుడే ఉండేదనీ, అది కూడా దగ్గులోనూ నిట్టూర్పులోనూ మనిషి గొంతు నుంచి వెలువడే ఒరిపిడి వంటిదేననీ తెలుస్తుంది. చప్పుడు పోయింది, దాని గుర్తు కాగితం మీద మిగిలింది.

ఆ చప్పుడు ఎలాంటిదో తెలుగువారికి చెప్పడం కష్టం కాదు. నాలుక వెనుక భాగాన్ని అంగిటికి దగ్గరగా చేర్చి, పూర్తిగా ఆనించకుండా గాలిని వదిలితే వచ్చే గరగర ధ్వని అది; ఉర్దూ మాతృభాషగా ఉన్నవారు ‘ఖబర్’ అన్నప్పుడు మొదట వినిపించేది అదే. పాత ఇంగ్లీషులో ఈ ధ్వనిని హెచ్ ఒక్కదానితోనే రాసేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాతి శతాబ్దాలలో, ఫ్రెంచి రాతకు అలవాటుపడిన లేఖకుల చేతుల్లో అది క్రమంగా జీహెచ్‌గా మారింది. నవ్వడానికి పాత ఇంగ్లీషు మాట దాదాపు ‘హ్లిహ్హన్’ అని వినిపించేది. జర్మను భాషలో నవ్వడం నేటికీ ‘లాఖెన్’, రాత్రి ‘నాఖ్ట్’, ఎనిమిది ‘ఆఖ్ట్’. చెన్నైలోని మాక్స్ ముల్లర్ భవన్‌లో జర్మను నేర్చుకునే తెలుగు విద్యార్థి మొదటి వారంలోనే ఈ ధ్వనిని గొంతులోంచి తెచ్చుకోవలసి వస్తుంది. ఇంగ్లీషులో తాను ఇన్నాళ్ళూ పలకకుండా రాస్తూ వచ్చిన జీహెచ్ ఇదేనని అతనికి ఎవరైనా చెబితే ‘నైట్’, ‘ఎయిట్’, ‘డాటర్’ అనే మాటల స్పెల్లింగు ఒక్కసారిగా అర్థమవుతుంది. దగ్గు సంగతి ఇంకా తేటగా ఉంటుంది. ఆ మాట పుట్టుకే అనుకరణ. మధ్యయుగపు ఇంగ్లీషువాడు దాన్ని పలికినప్పుడు చివరన గొంతు గరగరలాడేది, అంటే మాటను పలకడమే సగం దగ్గడం.

ఆ తరువాత, సుమారుగా 15వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం లోపల, లండను వైపు మాటల్లో ఈ ధ్వని కరిగిపోయింది. కరిగిన తీరు అన్ని మాటల్లోనూ ఒకటి కాదు. కొన్నింట్లో తాను పోతూ ముందున్న అచ్చును దీర్ఘం చేసింది: ‘నిఖ్ట్’ కాస్తా ‘నీట్’ అయి, ఆపై ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ స్థానం మారిన పెద్ద కదలికలో ‘నైట్’ అయింది. నిట్టూర్పు మాట కూడా ఆ దారినే ‘సై’గా తేలింది. మరికొన్నింట్లో, ముఖ్యంగా పెదవులు గుండ్రంగా చుట్టి పలికే అచ్చుల తరువాత, గొంతులోని ఒరిపిడి పెదవుల దగ్గరకు జారి ఫకారమైంది. ‘రఫ్’, ‘టఫ్’, ‘కాఫ్’ ఈ కోవలోవి. ఏ మాట ఏ దారి పట్టాలన్నది ప్రాంతపు యాసలు, వాటి మధ్య రాకపోకలు తేల్చిన విషయం కనుక సూత్రం కట్టడం సాధ్యం కాదు. నవ్వు అనే నామవాచకం ‘లాఫ్టర్’కు ముందు ఎస్ ఒక్కటి చేర్చితే సంహారమనే అర్థంలో ‘స్లాటర్’ వస్తుంది. మొదటిదానిలో ఫకారం, రెండవదానిలో శూన్యం. స్కాట్లండువారు మాత్రం సరస్సును నేటికీ పాత ధ్వనితో ‘లాఖ్’ అనే అంటారు.

ధ్వని కరుగుతున్న కాలంలోనే అచ్చుయంత్రం వచ్చిపడింది. విలియం కాక్స్‌టన్ 1476లో వెస్ట్‌మినిస్టరులో ముద్రణాలయం పెట్టాడు. అచ్చుకు స్థిరమైన రూపం కావాలి. ఆ రూపం అప్పటి లేఖకుల అలవాటు నుంచి వచ్చింది, అలవాటు అంతకు ముందరి ఉచ్చారణ నుంచి వచ్చింది. 1700 నాటికి స్పెల్లింగులు చాలావరకు గట్టిపడ్డాయి, 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వాటికి ముద్ర వేసింది. అప్పటికి లండను వైపు మాటల్లో గొంతు గరగర లేదు. కాక్స్‌టన్ చాలా ఏళ్ళు ఫ్లాండర్సులోని (నేటి బెల్జియం) బ్రూజ్ నగరంలో గడిపినవాడు, ఆ ప్రాంతపు రాత అలవాట్లు అచ్చుపని చేసేవారి వెంట ఇంగ్లండుకు వచ్చాయి. దయ్యం అనే అర్థం గల ‘గోస్ట్’లో జీ పక్కన హెచ్ అలా చేరినదే. దానికి ఏ కాలంలోనూ ఏ ధ్వనీ లేదు. ‘డెట్’, ‘డౌట్’లలోని బీ, ‘రిసీట్’లోని పీ మరో జాతివి: ఆ మాటలు ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ హల్లులు లేవు, లాటిన్ మూలం కనబడాలని పండితులు తరువాత తగిలించారు. మాటకు బరువు రావాలని ‘బాధ’ను ‘భాధ’ అని రాసే మన అలవాటుకు ఇది దూరపు చుట్టం, కాకపోతే లాటిన్ పండితులకు తాము తగిలిస్తున్నది ఎక్కడిదో తెలుసు.

వెక్కిళ్ళ మాట ఈ రెండు జాతులకూ నడుమ ఉంది. 16వ శతాబ్దంలో దాని రూపాలన్నీ చప్పుడును పట్టుకునే ప్రయత్నాలే: ‘హికెట్’, ‘హికాక్’, ఆ తరువాత ‘హిక్కప్’. గొంతులో పుట్టే ఇబ్బంది కనుక ఇదీ ఒక రకం దగ్గే అయి ఉంటుందని ఎవరో భావించి చివరి భాగాన్ని దగ్గు స్పెల్లింగుతో రాశారు. ఆ రాత నిలిచింది, ఉచ్చారణ మాత్రం చలించలేదు. తెలుగులో వెక్కు అనే ధాతువు ఎక్కిళ్ళకూ, వెక్కి వెక్కి ఏడ్వడానికీ ఒక్కటే. తమిళంలో దాని తోబుట్టువు ‘విక్కల్’. రెండు భాషలూ వినిపించే చెన్నై ఇళ్ళలో వెక్కిళ్ళు వస్తే ఎవరో తలచుకుంటున్నారని అనుకోవడమే తప్ప, అది దగ్గు జాతిదని ఎవరూ అనుకోరు.

తుమ్ము కథ ఇంకా విచిత్రమైనది. పాత ఇంగ్లీషులో తుమ్మడానికి మాట ‘ఫ్నేయొసన్’. ఎఫ్, ఎన్ కలిసి మాట మొదట రావడం ఇప్పుడు ఊహించలేము కానీ, ముక్కులోంచి గాలిని ఒక్కసారిగా వదలడానికి పెదవులూ ముక్కూ కలిసి చేసే చప్పుడుకు అంతకంటే దగ్గరి కూర్పు దొరకదు. గ్రీకు నుంచి వచ్చిన ‘న్యుమోనియా’ ముందు రాతలో మిగిలిన పలకని పీ కూడా ఊపిరికి సంబంధించిన ఇదే మూలానిదని భాషా చరిత్రకారులు చెబుతారు. మధ్యయుగం చివరికి వచ్చేసరికి ఆ కూర్పుతో మొదలయ్యే మాటలు అరుదైపోయాయి. పాత రాతలో మాట మొదట వచ్చే పొడుగాటి ఎస్‌కూ, ఎఫ్‌కూ మధ్య తేడా అడ్డగీతలో ఒక చిన్న ముక్క మాత్రమే. పరిచయం తప్పిన మాటను చూసినవారు ఎఫ్‌ను ఎస్‌గా చదవడం వల్లనే ‘స్నీజ్’ పుట్టిందని ఒక వివరణ ఉంది. చదవడంలో పొరపాటు ఒక్కటే కారణమై ఉండదు. గురకకు ‘స్నోర్’, చీదడానికి ‘స్నార్ట్’, ముక్కు ఎగబీల్చడానికి ‘స్నిఫ్’ ఇలా ముక్కుకు సంబంధించిన మాటలు ఆ భాషలో అప్పటికే ఎస్, ఎన్‌లతో గుంపుకట్టడం మొదలుపెట్టాయి, తుమ్ము ఆ గుంపులో చేరింది. ఇలా ఒక అర్థ ఛాయను మోసే ధ్వనుల కూర్పుకు జె.ఆర్. ఫర్త్ అనే భాషావేత్త 1930లో ‘ఫొనెస్థీమ్’ అని పేరు పెట్టాడు. లాహోరులో ఇంగ్లీషు ఆచార్యుడిగా పనిచేసిన ఈయన ఆపైన తెలుగు ధ్వనులనూ పరిశీలించినవాడే.

ముక్కు గుంపు వలెనే ఊపిరి గుంపు ఒకటుంది. ఈల, గుసగుస, సన్నని మూలుగు, పిల్లికూతలు పెట్టే ఉబ్బసపు శ్వాస, వీటి ఇంగ్లీషు పేర్లన్నీ డబ్ల్యూ, హెచ్‌లతో మొదలవుతాయి. పాత ఇంగ్లీషులో ఈ అక్షరాల వరుస తిరగేసి ఉండేది: హెచ్ ముందు, డబ్ల్యూ వెనుక. పలికే తీరుకు అదే సరైన వరుస, ఎందుకంటే ముందు ఊపిరి వెలువడుతుంది, ఆ వెంటనే పెదవులు ముడుచుకుంటాయి. లేఖకులు దాన్ని తారుమారు చేశారు, తరువాత చాలామంది ఆ ఊపిరిని పలకడమే మానేశారు. తెలుగులో దీనికి సరిగ్గా ఎదురు సంగతి కనబడుతుంది. ‘చిహ్నం’, ‘బ్రాహ్మణుడు’ అనే మాటల్లో హకారం ముందు రాస్తారు, పలికేటప్పుడు మాత్రం ‘చిన్హం’, ‘బ్రామ్హణుడు’ అని వెనక్కి నెడతారు. తప్పు పలుకుతున్నామని ఎవరికీ అనిపించదు, రాసింది రాసినట్టే పలుకుతామన్న నమ్మకం కూడా చెదరదు.

గొంతు చప్పుళ్ళకు తెలుగు పేర్లు పెట్టే తీరు పూర్తిగా వేరు. ఇంగ్లీషు ఒక్కొక్క నవ్వుకు ఒక్కొక్క క్రియను తయారు చేసుకుంది: ‘గిగిల్’, ‘చకిల్’, ‘టిటర్’, ‘గఫా’. చప్పుడూ, చర్యా, కొంతవరకు నవ్వినవాడి స్వభావమూ ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉంటాయి. తెలుగులో నవ్వు ఒక్కటే. పకపకా, కిలకిలా, ముసిముసిగా, కిసుక్కున, ఇకఇకా అనే మాటలు దాని పక్కన చేరి రకాన్ని చెబుతాయి. దగ్గుకూ అంతే, చర్య పేరు దగ్గు, చప్పుడు ఖళ్ళుఖళ్ళు. కెవ్వుమను, ఘొల్లుమను, బావురుమను అన్నప్పుడు ‘అను’ అనే క్రియ పక్కన చేరి, గొంతు ఫలానా చప్పుడు ‘అన్నది’ అని నివేదిస్తుంది. అందుకే అనువాదకులకు ‘చకిల్’ దగ్గర చిక్కు. ‘తనలో తాను నవ్వుకున్నాడు’ అంటే అర్థం వస్తుంది, చప్పుడు రాదు. అదే విధంగా సణుగుడుకూ గొణుగుడుకూ మధ్య తెలుగు పాటించే తేడా, అంటే మొదటిదానిలో ఫిర్యాదు ఉండడం, రెండవదానిలో అది తప్పనిసరి కాకపోవడం, ఇంగ్లీషులోని ‘మటర్’, ‘మంబుల్’, ‘గ్రంబుల్’లతో సరిగ్గా పొసగదు.

ఈ అనుకరణ మాటల్లో ఇంకొక విశేషం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు బోధించిన పరవస్తు చిన్నయసూరి తన వ్యాకరణంలో ‘తెనుగునకు వర్ణములు ముప్పదియాఱు’ అని సూత్రీకరించాడు. అందులో ఖ, ఘ, ఝ, భ వంటి ఒత్తక్షరాలకు చోటు లేదు, అవి సంస్కృతం వెంట వచ్చినవి. మరి ఖళ్ళుఖళ్ళు ఎక్కడి నుంచి వచ్చింది? ఘొల్లు, భోరు, ఝుమ్ము, ఛీ, థూ ఏ సంస్కృత మూలానివీ కావు. చప్పుడును అనుకరించేటప్పుడు భాష తన అక్షరమాల గీసిన గీతను దాటేస్తుందని దీనివల్ల తెలుస్తుంది. ఒత్తక్షరాలే లేని తమిళ లిపి దగ్గును ‘లొక్కు లొక్కు’ అని రాసుకుంటుంది. అదే గొంతు, అదే దగ్గు, గోడకు ఇవతల ఖళ్ళు, అవతల లొక్కు.

ఇంగ్లీషు పోగొట్టుకున్న ధ్వనిని రాతలో దాచుకుంటే, తెలుగు పోగొట్టుకున్న ధ్వనిని రాతలోంచీ తీసేసిన సందర్భం ఒకటుంది. తమిళంలో ఏడుకు ‘ఏఴు’, కోడికి ‘కోఴి’ అంటారు. ఆ ఴకారం ప్రాచీన శాసనాల తెలుగులోనూ ఉండేది. అది ఏడు, కోడి వంటి మాటల్లో డకారమైనప్పుడు రాతగాళ్ళు డకారమే రాశారు, అక్షరం మరుగున పడింది. అప్పటికి అచ్చుయంత్రమూ లేదు, స్పెల్లింగును బిగించే నిఘంటువూ లేదు. శకటరేఫం ఱ విషయంలో అంత తేలికగా జరగలేదు: ర, ఱ ఉచ్చారణలో ఒకటైపోయిన చాలా కాలం వరకు కావ్యభాష ఆ తేడాను పట్టుకుని వేలాడింది, ‘గుఱ్ఱము’ అని రాయనివాడు చదువురానివాడు. పత్రికలు, వాడుకభాష వచ్చాకే అది ‘గుర్రం’గా కుదుటపడింది. చకారానికి ఉన్న రెండు పలుకుబడులు, ‘చెవి’లో ఒకటి, ‘చలి’లో ఇంకొకటి, నేటికీ ఒకే అక్షరంతో నెట్టుకొస్తున్నాయి, దంత్యాలకు ౘ, ౙ అనే గుర్తులు ఉన్నా అచ్చులో ఎవరూ వాడరు. తెలుగును రాసినట్టు పలుకుతామనడం ఇంగ్లీషు పక్కన పెట్టి చూసినప్పుడు నిజమే కానీ, అందులో కొంత అతిశయం లేకపోలేదు.

ఈ తగాదాలన్నీ చెన్నై వీధి బోర్డుల మీద ఒక్కచోట కనబడతాయి. ‘ఎగ్మూర్’ అనేది ఎఴుంబూరుకు ఆంగ్లేయుల చెవి ఇచ్చిన రూపం, ‘ట్రిప్లికేన్’ తిరువల్లిక్కేణికి ఇచ్చినది. కడపను వారు రాసిన పాత స్పెల్లింగులో సీ తరువాత యూ ఉండేది, ఎందుకంటే వారి ‘కప్’, ‘కట్’ అనే మాటల్లో యూ పలికేది దాదాపు మన అకారమే. ఇప్పుడు నియమం ప్రకారం ఏ రాస్తున్నాము, కొత్తగా చూసిన ఇంగ్లీషువాడు దాన్ని ‘కడాపా’ అంటాడు. తమిళనాడు ప్రభుత్వం 2020 జూన్‌లో 1018 ఊళ్ళ, పేటల ఇంగ్లీషు స్పెల్లింగులను తమిళ ఉచ్చారణకు దగ్గరగా మారుస్తూ ఇచ్చిన ఉత్తర్వును ప్రకటించింది. ఏ అచ్చుకు ఎన్ని ఓలు, ఎన్ని ఏలు అన్నదానిపై నిపుణులు సహా అందరూ పేచీ పెట్టడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. అంతకు వందేళ్ళకు పైగా ముందు, 1906లో, అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకు సరళమైన స్పెల్లింగులు వాడాలని ప్రభుత్వ ముద్రణాలయాన్ని ఆదేశించినప్పుడూ ఇదే జరిగింది. ‘త్రూ’, ‘దో’ అనే మాటల్లోంచి జీహెచ్‌ను ఎత్తేయడం ఆ పట్టికలో ఉంది. కాంగ్రెసు ఎదురుతిరిగింది, ఆ ఏడాదే ఆదేశం రద్దయింది. మారిన అక్షరం నోటిని ఏమీ చేయదు; అలవాటుపడిన కంటిని మాత్రం నొప్పిస్తుంది, ఆ కన్ను ఊరుకోదు.

తెలుగులోకి వచ్చిన ఇంగ్లీషు మాటల్లోనూ చెవి దారిన వచ్చినవి, కంటి దారిన వచ్చినవి వేరువేరుగా గుర్తుపట్టవచ్చు. ‘లెఫ్టినెంట్’ సైన్యం నోటి నుంచి విని తెచ్చుకున్నది, అందుకే రాతలో లేని బ్రిటిషు ఫకారం అందులో ఉంది. ‘ప్లంబర్’ చదివి తెచ్చుకున్నది, అందుకే ఇంగ్లీషువాడు మింగేసే బకారం మనకు ఖణేల్మని వినిపిస్తుంది; దుకాణంలో ఇచ్చే ‘రిసీప్ట్’లోని పకారమూ అంతే. ‘విజిల్’ చెవిది. అందులోని టీ మన నోటికి ఎప్పుడూ తగలలేదు. చెపాక్ స్టేడియంలో ‘విజిల్ పోడు’ అని అరిచేవాడు ఆ స్పెల్లింగు రాయవలసి వస్తే ఒక్క క్షణం ఆగుతాడేమో.

మాటలు కూడా కాని చప్పుళ్ళ దగ్గర అన్ని లిపులూ ఓడిపోతాయి. గొంతు సవరించుకోవడాన్ని ఇంగ్లీషు ‘అహెమ్’ అని రాస్తుంది. నాటకంలో వేషగాడు ఆ మాటనే యథాతథంగా పలికితే నవ్వు వస్తుంది. యూ పక్కన జీహెచ్ రాసే ఒక అసహ్యార్థకం ఉంది. మొదట్లో అది దగ్గు చప్పుడుకు గుర్తు, పోయిన గరగరను మళ్ళీ పట్టుకునే ప్రయత్నం. తరువాత ఏవగింపుకు గుర్తయింది, ఇప్పుడు చాలామంది దాన్ని చూసినట్టే ‘అగ్’ అని చదివేస్తారు. కొన్ని వందల ఏళ్ళ కిందట మాటలను వదిలి వెళ్ళిన ధ్వని స్థానంలో, ఆ అక్షరాలను చూసి పుట్టిన కొత్త ధ్వని వచ్చి కూర్చుంది. నాలుక కొనను పై పళ్ళ వెనుక ఆనించి లోపలికి చప్పరిస్తే వచ్చే నిరాశ చప్పుడును ఇంగ్లీషు ‘టట్ టట్’ అని రాస్తుంది, దాన్నీ అలాగే టకారాలతో పలికేవారున్నారు. తెలుగు కథల్లో అదే చప్పుడు ‘ప్చ్’. అచ్చు ఒక్కటీ లేని ఆ రెండు హల్లులను ఏ వ్యాకరణమూ మాటగా ఒప్పుకోదు. మనవడికి కథ చదివి వినిపించే చెన్నై తెలుగింటి అమ్మమ్మ ఆ పంక్తి దగ్గరకు వచ్చేసరికి పకారాన్నీ చకారాన్నీ రెండింటినీ వదిలేసి, నాలుకతో ఆ చప్పుడే చేసి ముందుకు పోతుంది.